గడప దగ్గర మాస్టిఫ్

2020 ఆగస్టు 30న ‘మన్ కీ బాత్’లో ఏటికొప్పాక పేరు దేశమంతా వినబడింది. ఇక్కడి లక్కబొమ్మలకు మళ్లీ వెలుగు తెచ్చిన సి.వి.రాజు గురించి ప్రధాని మాట్లాడింది ఆ రోజే. అదే ప్రసంగంలో కుక్కల సంగతీ వచ్చింది. ఇంటికి కుక్కను తెచ్చుకునేవాళ్లు మన దేశవాళీ జాతుల వైపు చూడాలంటూ ముధోల్, రాజపాలయం, కన్ని, చిప్పిపారై, కొంబై పేర్లు చెప్పారు. మంచి మాటే, మన ఎండలకు తట్టుకునేవి అవే. అయినా ఇంటిల్లిపాదికీ కాపలా కావాలనుకున్నవాళ్లలో చాలామంది మనసు మాస్టిఫ్ లాంటి భారీ కుక్కల మీదికే పోతుంది.

వాటిలో బుల్‌మాస్టిఫ్‌నే తీసుకుంటే, దాని పుట్టుకలోనే ఒక పాఠం ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు జమీందార్ల అడవుల్లో రాత్రిళ్లు దొంగవేట ఎక్కువగా ఉండేది. కావలివాళ్లు మాస్టిఫ్‌నూ బుల్‌డాగ్‌నూ 60, 40 పాళ్లలో కలిపి ఈ జాతిని తయారు చేసుకున్నారు. చీకట్లో చప్పుడు చెయ్యకుండా వెళ్లాలి, మనిషిని కింద పడెయ్యాలి, చీల్చకుండా కావలివాడు వచ్చేదాకా అదిమి పట్టుకోవాలి. ఇదీ దాని పని. 1924లో అక్కడి కెన్నెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. కొనేవాళ్లు కండలు చూస్తారు గానీ ఈ కుక్కలో అసలు విలువ ఆ నిగ్రహానిది.

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మ తయారయ్యే తీరు చూసినవాళ్లకు ఈ పెంపకంలో ఉండాల్సిన ఓపిక కొంత ముందే తెలుస్తుంది. పచ్చి అంకుడు కర్రను లేత్ మిషన్ ఎక్కించరు. ఆరనిస్తారు. ఆరకుండా చెక్కితే తర్వాత పగులుతుంది. గిర్రున తిరిగే కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగు పరుచుకుంటుంది, ఆపైన మొగలాకుతో రుద్దితే మెరుపొస్తుంది. మాస్టిఫ్ పిల్ల ఎముకా పచ్చి కర్రలాంటిదే. ఏడాది తిరిగేసరికి చూపులకు పెద్ద కుక్కే, కానీ ఎముకలు ముదరడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. అప్పటిదాకా మేడమెట్లు ఎక్కించి దింపడం, బండి వెనక పరిగెత్తించడం, గోడలు దూకించడం మానుకోవాలి. త్వరగా ఎదగాలని కాల్షియం టానిక్కులు పోసేవాళ్లున్నారు. పెద్దజాతి పిల్లల్లో కాల్షియం ఎక్కువైతే ఎముకల ఎదుగుదలే దెబ్బతింటుంది. ఒట్టి పెరుగన్నంతో సరిపెట్టడమూ తప్పే. మన కోస్తా ఉక్కపోతలో తెల్లారకముందు, పొద్దుపోయాక తప్ప నడిపించకూడదు.

ఎముకల దగ్గర పనికొచ్చే ఈ నిదానం బుద్ధి నేర్పే దగ్గర పనికిరాదు. కుక్కపిల్ల కొత్తవాటిని బెదురు లేకుండా ఒప్పుకునే కాలం మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకానే. రెండు నెలల పిల్లను తెచ్చుకుంటే మిగిలేది ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లో దానికి ఊరంతా పరిచయం కావాలి: లేత్ మిషన్ రొద, చెరుకు ట్రాక్టరు, గొడుగేసుకొచ్చే తాతయ్య, హెల్మెట్ తియ్యని కొరియర్ కుర్రాడు, బడి నుంచి కేకలేస్తూ వచ్చే పిల్లలు, తీర్థంలో డప్పులు. పార్వో వైరస్ భయం ఉంది కాబట్టి టీకాలు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోట దించకుండా ఎత్తుకుని తిప్పాలి. మూడో నెల నిండాక రేబిస్ టీకా, ఆపైన పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం తప్పకుండా.

చాలా ఇళ్లలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. పరాయివాళ్లు ముట్టుకుంటే కాపలా చెడుతుందని గొలుసేసి పెరట్లో కట్టేస్తారు. ఎవరినీ చూడకుండా పెరిగిన కుక్కకు పాలవాడూ దొంగే, మేనత్తా దొంగే. అది భయంతో కరిస్తే ఇంట్లోవాళ్లు కాపలా కాసిందని మురుస్తారు. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఆహారం ఇవ్వడానికి వెళ్లిన యువకుడు, మీదికొచ్చిన పెంపుడు కుక్కకు బెదిరి మూడో అంతస్తు నుంచి పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అది జర్మన్ షెపర్డ్. మాస్టిఫ్ అయితే బరువే యాభై కిలోలు దాటుతుంది. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. 2024 మార్చిలో కేంద్రం కొన్ని మాస్టిఫ్‌లు సహా 23 జాతులను నిషేధించాలని రాష్ట్రాలకు రాసిన లేఖను తర్వాతి నెలలో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. జాతి మీద నిషేధం నిలవకపోయినా పెంచేవాళ్ల బాధ్యత ఎక్కడికీ పోలేదు.

శిక్షణ అన్నం గిన్నె దగ్గర మొదలవుతుంది. గిన్నె చేతిలో పట్టుకుని ‘ఆగు’ అనాలి. పిల్ల ఎగబడితే గిన్నె పైకి పోతుంది, కూర్చుంటే కిందికి దిగుతుంది. కేకలక్కర్లేదు, దెబ్బలు అసలే వద్దు. రోజూ ఇలా చేస్తుంటే ఒకనాడు పిల్ల తనంతట తానే కూర్చుని, గిన్నె కేసి కాకుండా మనిషి మొహం కేసి చూస్తుంది. ఆ చూపు కోసమే ఇదంతా. తర్వాత ‘వదిలెయ్’, ‘నీ చోటుకెళ్లు’. చేతికి గుడ్డ చుట్టుకుని కరవమని ఉసిగొల్పే ఆటలు ఇంట్లో ఆడకూడదు. కరిచే శిక్షణ కుక్క పూర్తిగా ఎదిగాక, అనుభవజ్ఞుల చేతిలో మాత్రమే జరగాలి. మామూలు కుటుంబానికి దాని అవసరమే ఉండదు.

గడపకు కుక్కను కాపలా పెట్టడం కొత్తేం కాదు. క్రీస్తుపూర్వం 645 ప్రాంతంలో ప్రాచీన అస్సీరియాలోని నినెవే రాజభవనంలో ఒక ద్వారం దగ్గర ఐదు చిన్న మట్టి కుక్కలను పాతిపెట్టారు. చెడును ఇంట్లోకి రానివ్వకూడదని. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు చెక్కి ఉంటుంది. శత్రువును పట్టేది ఒకటి, గట్టిగా మొరిగేది ఒకటి. ఇంకోదాని పేరుకు అర్థం ‘ఆలోచించకు, కరిచెయ్’. మట్టి బొమ్మకు ఆ పేరు చెల్లుతుంది.

ప్రాణమున్న మాస్టిఫ్ రెండేళ్లు సరిగ్గా పెరిగితే, గేటు చప్పుడుకి లేస్తుంది గానీ మొరగదు. గేటుకూ వసారాలో ఆడుకుంటున్న పాపకూ మధ్యకొచ్చి నిలబడుతుంది. వచ్చినవాడి వైపు ఒకసారి, గుమ్మంలో ఉన్న ఇంటావిడ వైపు ఒకసారి చూస్తుంది. ‘మనవాళ్లేలే, పో’ అంటే తోక ఊపి, అరుగు మీద పరిచిన తన గోనెపట్టా మీదికి పోయి పడుకుంటుంది.