జిల్లేడు మీద సీతమ్మ కోక

గురజాల నుంచి మాచర్ల వెళ్ళే దారి పక్కన నాపరాళ్ల ముక్కలు పోసిన గుట్టలుంటాయి. మేక మూతిపెట్టని జిల్లేడు అక్కడ మొండిగా పెరుగుతుంది. బూడిద పూసుకున్నట్టుండే ఆ ఆకుల్లోంచి ఉన్నట్టుండి ఒక కావిరంగు కోక లేస్తుంది. నల్లంచు, అంచు పొడుగునా తెల్లచుక్కల బారు, రెక్క కొసన తెల్లని పట్టీ. చీరాల నేతగాడు కూడా ఇంతకన్నా అంచు పెంచడు, తగ్గించడు. ఇంగ్లీషులో దీన్ని ప్లెయిన్ టైగర్ అంటారు. సాదా అనడానికి నోరెలా వచ్చిందో! సీతమ్మ కోకను చూసి సీతాకోకచిలుక అని పేరుపెట్టిన మనవాళ్ళే రసికులు.

దాని నడక చూడాలి. రెండుసార్లు రెక్క ఆడించి, గాలి మీద తేలి, మళ్ళీ రెండుసార్లు. పిట్ట నీడ పడినా తొందరపడదు. ఆ తీరుబడి జిల్లేడు పాలు ఇచ్చింది. కంట్లో పడితే చూపు పోతుందని పిల్లల్ని గదమాయిస్తామే, ఆ పాలే. తెలుపు, నలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు ముందు ఈనె కొరికి పాలు కారనిస్తుంది, ఆ తర్వాతే ఆకు తింటుంది. అయినా గుండెను పట్టే విషం కొంత ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాకా అది పోదు. ఒకసారి మింగి కక్కిన పిట్ట ఆ రంగు మరిచిపోదు. విషం ఇంత అందంగా తన పేరు చెప్పుకోవడం ఇంకెక్కడా చూడలేదు నేను.

ఈ కోకను ఎరువు తెచ్చుకునేది ఇంకొకతె ఉంది, డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. దాని పురుగు తినేది మనం పప్పులో వేసుకునే గంగపావిలి కూర. విషం లేదు, వేషమే. మగది మాత్రం నల్లరెక్కల మీద తెల్లమచ్చలతో తన దారిన తనుంటుంది.

ప్లెయిన్ టైగర్ మగవాటికి ఒక వ్యసనం. వాడిన జనుము, గిలిగిచ్చ మొక్కల రసం పీల్చి, ఆడదాన్ని మెప్పించే అత్తరు దాంతో తయారుచేసుకుంటాయి.

ఆఫ్రికా నుంచి ఆసియా దాకా తిరిగే వలసజీవి ఇది. సుమారు 3,400 ఏళ్ల కిందట ఈజిప్టులో ధాన్యం లెక్కలు రాసే నెబామున్ సమాధి గోడ మీద ఎవరో దీన్ని చిత్రించారు. ఆ బొమ్మ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఒక రథసప్తమి తెల్లవారుజామున తలమీద పెట్టుకోవడానికి జిల్లేడాకులు కోస్తున్నాను. ఆరు కోశాక, ఏడోదాని అడుగున లేతాకుపచ్చ గూడు వేలాడుతోంది, బంగారు చుక్కలతో. ఇంకో చెట్టు దగ్గరికి వెళ్ళాను.