ఏకవిక్రయ నియమము: గ్రంథకర్తకు లాభమా?

నా పూర్వశిష్యుఁ డొకఁడు ఆంగ్లమున నొక నవల వ్రాసి, ప్రకటనకర్తల నాశ్రయింపక, తానే దానిని ఈ-పుస్తకముగా వెలువరింపఁ దలఁచినాఁడు. అమెజాన్ అంగడి కొక్కదానికే దానిని కట్టివైచుట మేలా, పలుచోట్ల నమ్ముట మేలా యని నన్నడిగినాఁడు. పెక్కురు నూతన రచయితల కీ సందేహమే కలదు గావున నా యభిప్రాయము నిచట వ్రాయుచున్నాను.

ఆ సంస్థవారు 2011 డిసెంబరులో కేడీపీ సెలెక్ట్ అను పద్ధతి నేర్పఱచిరి. ఇందుఁ జేరిన రచయిత తన ఈ-పుస్తకమును 90 దినములవఱకు మఱియొకచోట విక్రయింపరాదు. తన సొంత వెబ్‌సైటున నూరకైనను ఈయరాదు. అచ్చుప్రతి కీ నిర్బంధము లేదు. వలదని ముందుగాఁ దెలుపనిచో గడువు తనంతటఁ దానే మరల మొదలగును. ఇందులకుఁ బ్రతిఫలముగాఁ బుస్తకము కిండిల్ అన్‌లిమిటెడ్ అను చందా గ్రంథశాలలోఁ జేరును. మన దేశపు కొనుగోళ్లపై రచయితకు నూటికి 70 వంతులు రావలెనన్నను ఈ పద్ధతిలోఁ జేరవలసినదే. చేరనివానికి 35 మాత్రమే.

ఇందు లాభమే లేదనుట పక్షపాతము. చందా చెల్లించినవాఁడు పేరెఱుఁగని రచయిత పుస్తకమును దెఱచి చూచుటకు వెనుదీయఁడు. వేఱుగ వ్యయము లేదు గదా. ప్రేమకథలనో అపరాధపరిశోధక కథలనో సంపుటము వెంట సంపుటముగా వ్రాయువాని విషయమున, ఒక భాగము నచ్చిన పాఠకుఁడు తక్కిన భాగములను గూడఁ జదువును. అట్టివారి కీ పద్ధతి నేఁటికిని అక్కఱకు వచ్చుచున్నది.

అయినను దీని కొలతను బరీక్షింపవలెను. 2015 జూలై మొదలు చందాదారుఁడు చదివిన పుటల లెక్కను బట్టి సొమ్ము చెల్లించుచున్నారు. పుటకు వచ్చునది అమెరికా సెంటునకు లోపే. 300 పుటల పుస్తకమును ఆసాంతము చదివినను 3 డాలర్లు రావు. ఒక పుటను ఒకఁడే నూఱుమాఱులు చదివినను మొదటి పఠనమే లెక్కకు వచ్చును. చాటుపద్యము వంటి చిన్న రచన మనస్సున నాటుకొని జీవితాంతము తోడుండవచ్చును; ఈ త్రాసున దాని తూకము స్వల్పమే. కథను సాగఁదీసినవాఁడు గెలుచును, క్లుప్తముగాఁ జెప్పినవాఁ డోడును. ఇది సారస్వతమునకు మేలు కాదు.

మఱియొక లోపము ఇంతకంటె ఘనమైనది. పుట వెల ముందు తెలియదు. సంస్థవారు తాము నిర్ణయించిన నిధిని నెల గడచిన పిదప చదువఁబడిన పుటల కెల్లఁ బంచుదురు. 2011 డిసెంబరులో 5 లక్షల డాలర్లుగా నున్న యీ నిధి 2022 నాటికి నెలకు 4 కోట్లను మించినది. కాని పాలివారును బెరిగిరి. రచయిత యొక్కచోటనే యుండవలెనను కట్టుబాటు కలదు. ఇంత యిత్తుమను కట్టుబాటు వారికి లేదు. ఒక సగమును గోరి రెండవ సగమును వదలుకొనుటను మన శాస్త్రకారులు అర్ధజరతీయ న్యాయ మందురు.

కావున శిష్యునితో నిట్లంటిని: "పేరు లేనివాని తొలి గ్రంథమునకు ఒక్క గడువు పరీక్షింపుము. అది మరల మొదలు గాకుండ ఇప్పుడే తెలిపి యుంచుము. 90 దినములు ముగిసిన పిదప కొన్నవారెందఱో, చదువఁబడిన పుటలెన్నో చూచుకొనుము. పాఠకులు కుదిరినచో నచట నిలువవలదు. పౌరగ్రంథాలయములందును, ఇతరాంగళ్లయందును నీ పుస్తకము దొరకవలెను."

స్వీయప్రకటనమునకు స్వాతంత్ర్యమే ప్రాణము. ప్రకటనకర్తల గుమ్మము కాదని వచ్చినవాఁడు ఒక యంగడి గుమ్మమున శాశ్వతముగాఁ గూర్చుండుట తగదు.