వేలెడు గుడ్డ

ఈ వారం బీరువా సర్దుతుంటే నాన్నగారి రత్నం కలం దొరికింది. నల్లటి ఎబొనైట్ రబ్బరు ఒళ్లు ఇన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగింది. పాళీని చల్లటి నీళ్లలో నానబెట్టి, సిరా పోసి చూశాను. రాసింది! ఎంత సంతోషం వేసిందో.

నాన్నగారిది రాజమండ్రి తాడితోటలో బట్టల కొట్టు. రాత్రి కొట్టు కట్టేశాక ఆ కలంతోనే చిట్టా రాసేవారు. అంకె తప్పు పడితే ఒక్క అడ్డగీత, అంతే. కింద పాత అంకె కనబడాల్సిందే. సెలవుల్లో నేను మీటరు బద్దతో గుడ్డ కొలిచి, సరిగ్గా గుర్తు దగ్గర కత్తెర పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేవారు.

"తడిస్తే కుంచించుకుపోతుందిరా. జాకెట్టు చాలకపోతే కొన్నావిడ మనల్నే తలుచుకుంటుంది."

గుర్తుకి వేలెడు అవతల కత్తిరించేవారు. ఆ వేలెడుకి డబ్బు లేదు. అరువు రాసేటప్పుడు పక్కన మనుషులుంటే పేరు పైకి అనేవారు కాదు.

తండ్రి చేసిన పని పిల్లలు వదిలేస్తున్నారని ఈ శీర్షికలో ఎన్నిసార్లు బాధపడ్డానో మీకు తెలుసు. ఈసారీ అదే రాద్దామని, రత్నం వారినే చూపిద్దామని కూర్చున్నాను. స్వదేశీ వస్తువేదైనా చెయ్యమని గాంధీజీ అంటే, కోసూరి వెంకటరత్నం గారు 1932లో రాజమండ్రిలో కలం చేశారు. తనకు అందిన ఆ కలంతో రాసి చూశానని, విదేశీ కలాలకు బదులు పనికొస్తుందని గాంధీజీ 1935 జూలై 16న వార్ధా నుంచి ఉత్తరం రాశారు. తర్వాత ఆ పని కొడుకు రమణమూర్తి గారు అందుకున్నారు.

అక్కడే నా కలం ఆగింది. రత్నం గారు మొదట స్వర్ణకారులు. బంగారం మీద తిరిగిన చేతులే ఎబొనైట్ కడ్డీ మీదికి మళ్లాయి. పాత పని వదిలారని ఆయన్ని తప్పుపట్టగలనా?

నాన్నగారి కొట్టు నేనూ నడపలేదు. ఆయన పోయిన ఏడాదికి మూసేశాం. ఆ బెంగ ఇన్నాళ్లూ నాతోనే ఉంది. మా అమ్మాయికి కాకినాడలో మందుల షాపు. నిరుడు వెళ్లినప్పుడు కాసేపు అక్కడ కూర్చున్నాను. ఒక పెద్దాయన మందులు అరువడిగాడు. వెనకాల ఇద్దరు నిలబడి ఉన్నారు. మా అమ్మాయి ఆయన ముఖం వంక ఒకసారి చూసి, పేరు పైకి అనకుండా రాసుకుంది. తాతగారిని కొట్లో తను చూడనేలేదు.

పిల్లలు కొట్టు వదిలేశారని ఇక మీదట ఇక్కడ రాయను. మీ ఇంట్లో పెద్దవాళ్ల సిరా కలం ఉంటే మాత్రం పారేయకండి. ఒక రాత్రి పాళీ నానబెట్టి చూడండి.