జాగా ఉందో లేదో చూశాకే అప్‌గ్రేడ్

ఆఫీసులో వైఫై సాఫీగా నడుస్తున్నంత కాలం సీలింగ్‌కు బిగించిన తెల్లడబ్బాల వంక ఎవరూ తలెత్తి చూడరు. కానీ ఆ డబ్బా, అంటే ప్రతి యాక్సెస్ పాయింటూ (ఏపీ), ఒక చిన్న కంప్యూటరే. దానికీ ప్రాసెసర్, మెమరీ, కొద్దిపాటి ఫ్లాష్ స్టోరేజీ ఉంటాయి. ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ అనగానే ఏ వెర్షన్, ఏ రాత్రి, ఎన్ని గంటలు డౌన్‌టైమ్ అని మాట్లాడుకుంటాం. ఫ్లాష్‌లో ఖాళీ ఎంతుందన్న మాట చాలా మీటింగుల్లో రానే రాదు. మొదట అడగాల్సింది అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

పెద్ద కంపెనీల్లో విరివిగా కనిపించే సిస్కో ఏపీలనే తీసుకోండి. ఫర్మ్‌వేర్ కోసం వాటిలో రెండు పార్టిషన్లు ఉంటాయి. ఒకదానిలోంచి ఏపీ నడుస్తుంటే రెండోదాంట్లోకి కొత్త ఇమేజ్ దిగుతుంది. ఏపీలను అదుపు చేసే కంట్రోలర్ వెర్షన్ మారిందంటే దాని కింది ఏపీలన్నీ ఆ వెర్షన్‌కు రావాల్సిందే. అందుకే ఇమేజ్‌ను ముందే ప్రీడౌన్‌లోడ్ చేసి, రాత్రికి రీబూట్ మాత్రం మిగుల్చుకుంటాం. ఫ్లాష్‌లో జాగా చాలకపోతే ఈ ఏర్పాటంతా వృథా. అలా అప్‌గ్రేడ్ చెడి ఏపీ బూట్ లూప్‌లో పడిందంటే నిచ్చెన, కన్సోల్ కేబుల్ పట్టుకుని ఒక్కో డబ్బా దగ్గరికీ పోవాలి.

సిస్కో కంట్రోలర్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ ఎక్స్‌ఈ 17.12 శ్రేణిలోని కొన్ని వెర్షన్లలో సరిగ్గా ఈ ప్రమాదమే బయటపడింది. ఏపీలో ఒక లాగ్ ఫైలు రోజుకు 5 ఎంబీ వరకు పెరుగుతూ పోతుంది. వంద రోజులకు 500 ఎంబీ దాకా! వైఫై మామూలుగానే పనిచేస్తుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు. ఆ లోపాన్ని సరిచేసే కొత్త ఇమేజ్‌కే చివరికి చోటుండదు. అంటే వాయిదా వేసిన ప్రతి వారమూ అప్‌గ్రేడ్ మరింత కష్టమవుతుంది. "నడుస్తోందిగా, కదిలించడం ఎందుకు" అనేవాళ్లకు నేను చూపించేది ఈ ఉదాహరణే.

వాయిదా ఇంకోలా కూడా దెబ్బ తీస్తుంది. పాత ఐఓఎస్ ఏపీల ఇమేజ్‌లపై సంతకం చేసిన సర్టిఫికెట్‌కు 2022 డిసెంబర్ 4న గడువు తీరింది. ఆ తర్వాత అప్‌గ్రేడ్‌కు దిగినవారి ఏపీలు ఇమేజ్‌ను అంగీకరించక డౌన్‌లోడింగ్ దశలోనే ఉండిపోయాయి. కంట్రోలర్ గడియారాన్ని ఆ తేదీకంటే ముందటి రోజుకు వెనక్కి తిప్పి వాటిని గట్టెక్కించాల్సి వచ్చింది. అసలు అప్‌గ్రేడే మానేస్తే? 2017లో క్రాక్, 2021లో ఫ్రాగ్‌అటాక్స్ అనే దాడులు వైఫైలోని భద్రతా లోపాలను బయటపెట్టాక ఆ మాటకు చోటు లేదు.

ఒక ఏపీలో ఖాళీ కనిపించిందని మిగతావన్నీ అంతేననుకోవడం తప్పు. మోడల్‌ను బట్టి, ఎన్నాళ్లుగా ఆ వెర్షన్‌పై నడుస్తోందన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. అన్నింటినీ స్క్రిప్టుతో అడిగి జాబితా తీయాలి. ముందు ఒక్క అంతస్తులో చేసి చూడాలి. పక్కపక్క ఏపీలు ఒకేసారి రీబూట్ కాకుండా విడతలు వేసుకోవాలి.

నెట్‌వర్క్ బాధ్యత చూసే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఈ వారమే మీ ఏపీల ఫ్లాష్‌లో ఎంత ఖాళీ ఉందో చూడండి. తక్కువున్నవాటిని తయారీదారు చెప్పిన పద్ధతిలో సరిచేశాకే అప్‌గ్రేడ్‌కు తేదీ పెట్టుకోండి.