సోమశిల పుట్టి
నల్లమల కొండలు కాపుగాయుచుండ, శ్రీశైల జలాశయము వెనుకకు వ్యాపించి కృష్ణను నిశ్చల సరోవరముగ మార్చిన కొల్లాపురము చెంతనున్న సోమశిల రేవునకు నేను పుట్టిలో చేరితిని. వెదురుబద్దలను గంపవలె అల్లి, అడుగున తారు పూసిన పట్టాను బిగించిన ఆ వర్తులనౌకకు ముందు వెనుకలు లేవు; గిరగిర తిరుగుటయే దాని స్వభావము. దానిని తిన్నగా నడుపుట మణికట్టులోని విద్య. అంచున మోకాళ్లూని, ఒకే తెడ్డుతో నీటిని ఎదుటినుండి తనవైపునకు లాగుకొనుచు, లాగుట ముగియునప్పుడెల్ల తెడ్డును కుడికొకసారి, ఎడమకొకసారి రవంత మలచి, పుట్టి తిరుగకముందే దానిని నడుపువాడు సరిదిద్దుచుండెను. ఎంతటి నేర్పు! తెడ్డు చప్పుడైనను నాకు వినబడలేదు. మరపడవ చేరజాలని రాతిగట్టునకు సైతము, కొద్దిపాటి నీరున్న చాలును, మనుష్యులను, వలలను, చేపలను పుట్టి చేర్చును. నన్ను దింపి, అతడు పుట్టిని తలపై బోర్లించుకొని గట్టెక్కెను.