తీరిక అనే మాట ఖరీదు

"తీరిగ్గా ఇంట్లో కూచుని ఏదో ఒకటి చేసుకుంటున్నావు, మంచిదే" అంది పోయినేడు మా ఇంటికి వచ్చిన పాత సహోద్యోగి. నేనప్పుడు మగ్గం మీద వంగి ఉన్నాను. ఆమె మాటలో వెటకారం లేదు, ప్రేమే ఉంది. అయినా 'తీరిగ్గా', 'ఇంట్లో కూచుని' అన్న ఆ రెండు మాటలూ ఎక్కడో చదివినట్టు అనిపించింది. రాత్రి అల్మరాలో వెతికితే దొరికింది. మరియా మీస్ రాసిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'. ఎం.ఏ. రోజుల్లో ఒక స్నేహితురాలు ఇస్తే చదివి, ఎక్కడో గోదావరి జిల్లా స్త్రీల కష్టమని పక్కన పెట్టేశాను. ఈసారి అది నా గురించి రాసినట్టు, ఇంకా చెప్పాలంటే నా మీద రాసిన ఫిర్యాదులా కనిపించింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. 21 ఏళ్లు జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పాను. 2020లో కరోనాకు బళ్లు మూతపడ్డాయి, జీతం ఆగింది. మరుసటేడు, నా 46వ ఏట, ఉద్యోగం మానేసి మైలవరంలో ఆర్డర్ల మీద బొమ్మలు గీసి కుట్టే పని మొదలుపెట్టాను. పెళ్లి జాకెట్లు, చీర కొంగులు, గోడకు తగిలించే గుడ్డలు. ఎవరికి కావలసిన బొమ్మ వాళ్లకు. ఒకామెకు చనిపోయిన అవ్వ వేసే ముగ్గు వీపు మీద కావాలి. ఇంకొకామెకు గండికోట లోయ కావాలి. బొమ్మ కాగితం మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీదికి దించి, చట్రానికి బిగించి ఆరీ సూదితో కుడతాం. ఎక్కువ ఆర్డర్లు ప్రొద్దుటూరు నుంచే. బంగారం కొనడానికి వచ్చినవాళ్లే జాకెట్టూ చూసుకుంటారు.

దీన్ని 'మగ్గం వర్క్' అంటారు. ఆ మాట నాకు వింతగా ఉంటుంది. మా అమ్మ పుట్టిల్లు మోరగుడి. మా ఇళ్లల్లో మగ్గమంటే గుంత మగ్గమే. ముందరి గది అంతా అదే. నాయన గుంతలో కాళ్లు పెట్టి నేస్తే, అమ్మ రాట్నం ముందు కూచుని కండెలు చుట్టేది. పడుగుకు గంజి పెట్టేటప్పుడు తెల్లవారుజామునే లేచేది. నలభై ఏళ్లు అలా చేసింది. 'మీ ఇంట్లో ఎంతమంది నేస్తారు?' అని అడిగితే మేమందరం 'ఒక్కరే' అనేవాళ్లం. అమ్మ కూడా 'ఒక్కరే' అనేది. మా ఊళ్లో 'నేతగాడు' అనే మాట విన్నాను గానీ దానికి ఆడమాట వినలేదు. 'పనివాడు' అంటే నేర్పున్నవాడు. 'పనిమనిషి' అంటే అంట్లు తోమేది. భాషలోనే ఒక కూలిరేటు ఉంది.

మీస్ పుస్తకం సరిగ్గా ఇక్కడే పట్టుకుంటుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అయిన ఆమె 1970ల చివర్లో నర్సాపురం ప్రాంతపు ఊళ్లలో తిరిగి, అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన అధ్యయనమిది. 1982లో అచ్చయింది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆమె వెళ్లేనాటికి విదేశాలకు ఎగుమతయ్యే పెద్ద వ్యాపారం. దారం ఏజెంటు ఇస్తాడు. పువ్వులు అల్లే 'చేతిపని' ఒకరిది. వాటిని కలిపే 'అతుకుపని' ఇంకొకరిది. పూర్తయిన వస్తువు ఎక్కడికి పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో అల్లినవాళ్లకు తెలియదు. ఇంటిపనంతా చేసుకుంటూ రోజుకు ఆరేడు గంటలు అల్లే ఈ స్త్రీలను ఊరూ, వ్యాపారులూ, ప్రభుత్వమూ అందరూ 'తీరిక వేళ అల్లుకునే గృహిణులు' అనే అన్నారు. తీరిక అన్నాక ఇక గంటల లెక్క ఎందుకు? గంటల లెక్క లేనప్పుడు కూలి ఎంతకైనా దించవచ్చు. స్త్రీని ముందు గృహిణిగా నిర్వచించి, ఆ నిర్వచనంతోనే ఆమె శ్రమను చవక చేయడాన్ని మీస్ 'గృహిణీకరణ' అంది. అంటే తీరిక అనేది అక్కడ ఖాళీ సమయం కాదు, వ్యాపారానికి పెట్టుబడి.

ఇంకొక చేదు విషయం కూడా ఆమె దాచలేదు. పేద కాపు స్త్రీలు పొలానికి పోకుండా ఇంట్లో కూచుని లేసు అల్లడాన్ని గౌరవం అనుకున్నారు. పొలం పనికి పోయే దళిత స్త్రీలకు అంతకన్నా ఎక్కువ కూలి వచ్చేది. నాలుగు గోడల మధ్య ఉండే గౌరవానికి ధర తమ కూలిలోంచే కట్టారన్నమాట.

ఇదంతా చదివి నేను చాలా సంతోషంగా లెక్కకు దిగాను, నాకెంత తక్కువ ముడుతోందో తేల్చుకుందామని. ఒక పెళ్లి జాకెట్టు తీసుకున్నాను. ఆర్డరు 5,500 రూపాయలు. దారం, జరీ, పూసలు 1,100. దర్జీకి 600. నాతో పనిచేసే ఇద్దరికి కలిపి 1,500. నాకు మిగిలింది 2,300. నేను బొమ్మకూ, బేరానికీ, చివరి మెరుగుకూ పెట్టింది 14 గంటలు. వాళ్లిద్దరూ కుట్టింది 46 గంటలు. నాకు గంటకు 164 రూపాయలు, వాళ్లకు 33 కూడా లేదు. అయిదింతలు తేడా. నర్సాపురంలో నేను ఎవరినని వెతుక్కున్నానో, ఆమె దొరకలేదు. ఏజెంటు దొరికాడు.

బొమ్మ నాది కాబట్టి నాకు ఎక్కువ రావాలి అనే వాదన నా దగ్గర ఉంది. అది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ నా బిల్లు మీద నా పేరొక్కటే ఉండేది. 'ఎంతమంది కుడతారు?' అని ఎవరైనా అడిగితే 'నేనే, ఇద్దరు సాయం చేస్తారు' అనేదాన్ని. మా ఇంట్లో 'ఒక్కరే' అన్నట్టే.

ఆ ఇద్దరిలో ఒకామె మగ్గం ఆగిపోయిన ఇంటి కోడలు. ఇంకొకామె ఎస్సీ కాలనీ నుంచి వస్తుంది, ఇంతకుముందు ఉపాధి హామీ పనికి పోయేది. ఆ లెక్క వాళ్ల ముందే పెట్టాను. మొదటామె మాట మార్చింది. "ఎంతిస్తే అంత గదక్కా, ఇంట్లో ఉండే బదులు" అంది. రెండో ఆమె మాత్రం, "ఉపాధి పనికాడ మస్టర్లో నా పేరుండేదక్కా. ఈడ లేదు గదా" అంది. మీస్ పుస్తకంలోని ఒక అధ్యాయం మొత్తం ఆ రెండు వాక్యాల్లో ఉంది.

అయితే మీస్‌తో నాకు ఒక పేచీ కూడా ఉంది. ఆమె పుస్తకం శ్రమ లెక్క చుట్టూనే తిరుగుతుంది. ఒక పువ్వు చక్కగా కుదిరినప్పుడు అల్లిన చేతికి కలిగే తృప్తికి అందులో చోటు తక్కువ. 'తీరిక కళ' అనే అబద్ధాన్ని కొట్టడానికి ఆమె 'కళ' అనే మాటను పక్కన పెట్టాల్సి వచ్చిందేమో. దీనికి అటువైపు ఆలిస్ వాకర్ ఉంది. 1974లో 'ఇన్ సెర్చ్ ఆఫ్ అవర్ మదర్స్ గార్డెన్స్' వ్యాసంలో ఆమె, మ్యూజియంలో పేరు లేకుండా వేలాడుతున్న ఒక నల్లజాతి స్త్రీ బొంతను, తన తల్లి పెంచిన పూలతోటను కళ అంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు గంజి పెడుతున్న మా అమ్మ గుర్తొస్తుంది. కానీ వాకర్ గంటల లెక్క అడగదు. మీస్ కళ అనదు. ఆర్డర్ల మీద బతికే స్త్రీకి రెండూ కావాలి. కళ అనకపోతే బొమ్మకు ధర రాదు. శ్రమ అనకపోతే కుట్టిన చేతికి కూలి రాదు. కళ అనే మాట ఒక్కరికే దక్కి, శ్రమ అనే మాట మిగతావాళ్లకు మిగిలితే, అది మళ్లీ మగ్గమూ రాట్నమూ కథే.

ఇప్పుడు మా బిల్లు మీద మూడు పేర్లూ, ఒక్కొక్కరి గంటలూ రాస్తున్నాం. కుట్టుపనికి గంటకు ఇంతని రేటు పెట్టుకున్నాం, బొమ్మకు వేరే. అదే జాకెట్టుకు ఇప్పుడు ఎక్కువ అడగాలి. కొందరు వెనక్కి పోయారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒకామె "జాకెట్టుకు ఇన్ని పేర్లెందుకమ్మా?" అని అడిగింది. గెలిచామని చెప్పలేను. పోయిన మూడు నెలల్లో ఆర్డర్లు తగ్గాయి, నాకు మిగిలేదీ తగ్గింది. బడి మానేసిన మొదటి ఏడాది లాగా మళ్లీ రాత్రిళ్లు లెక్కలు వేసుకుంటున్నాను.

నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు రక్షణ దొరికింది, సంతోషమే. అల్లినవాళ్ల పేర్ల సంగతి మీస్ అడిగిన చోటే ఉంది. ఆమె 2023లో చనిపోయింది.

ఒక మధ్యాహ్నం కుడుతూ కూచున్నప్పుడు ఆ పుస్తకంలోని కొన్ని పేజీలు తెలుగులో చెప్పాను. ఇద్దరూ సూదులు ఆపకుండానే విన్నారు. చివర్లో రెండో ఆమె అడిగింది: "ఆ బుక్కు రాసినామెకు గంటకెంతిచ్చినారక్కా?"

నాకు తెలియదన్నాను. నవ్వింది. ఆ ప్రశ్న పుస్తకం రాసినామెనే కాదు, దాని మీద వ్యాసం రాస్తున్న నన్నూ, చదువుతున్న మీ అందరినీ అడిగినట్టే అనిపించింది. మన రాతలకు ముడిసరుకైన వాళ్ల గంటలను మనం ఏ బిల్లులో రాస్తున్నాం?