తేనె చేదైన మనిషి: టాల్‌స్టాయ్ ‘ఒప్పుకోలు’, ఇమామ్ గజాలీ వైద్యం

ఒక బాటసారి మైదానంలో క్రూరమృగానికి భయపడి ఎండిన బావిలోకి దూకుతాడు. అడుగున ఒక మహాసర్పం నోరు తెరచుకొని ఉన్నది. పైకి పోతే మృగం, క్రిందికి పోతే సర్పం. బావి గోడ పగులులో మొలచిన పొద కొమ్మను పట్టుకొని అతడు వ్రేలాడుతుంటాడు. నల్లది ఒకటి, తెల్లది ఒకటి, రెండు ఎలుకలు ఆ కొమ్మ మొదలును కొరుకుతున్నాయి. ఇంతలో ఆకుల మీద తేనె బొట్లు కనిపిస్తాయి. అతడు నాలుక చాచి వాటిని నాకుతాడు. రష్యన్ రచయిత లియో టాల్‌స్టాయ్ (1828-1910) తన ‘ఒప్పుకోలు’ అనే గ్రంథంలో తన మనఃస్థితిని చెప్పుకోవటానికి ఈ కథను ఎన్నుకున్నాడు. ఇది తూర్పుదేశాల పాత కథ అని ఆయనే చెప్పాడు.

తెలుగు పాఠకునికి ఇది కొత్త కథ కాదు. మహాభారతం స్త్రీపర్వంలో, కొడుకులందరినీ పోగొట్టుకొన్న ధృతరాష్ట్రునికి విదురుడు దీనిని వినిపిస్తాడు. అక్కడ బావి ఒడ్డున ఆరు ముఖాలూ పన్నెండు కాళ్ళూ గల ఏనుగు నిలబడి ఉంటుంది. ఆరు ఋతువులు, పన్నెండు మాసాలు గల సంవత్సరమే ఆ ఏనుగు. అరబీ సాహిత్యంలో ఇది ‘కలీలా వ దిమ్నా’ ఆరంభంలో ఉన్నది. నౌషీర్వాన్ కాలంలో పంచతంత్ర కథలను పహ్లవీ భాషలోనికి తెచ్చిన వైద్యుడు బుర్జోయ పేర ఉన్న స్వీయకథనంలో ఇది వస్తుంది, క్రీ.శ. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా ఆ గ్రంథాన్ని అరబీ చేశాడు. ‘బిలౌహర్ వ యూదాసఫ్’ అనే మరొక గ్రంథంలోనూ ఇదే కథ ఉన్నది. ఆ గ్రంథమే రూపం మార్చుకొని యూరపు క్రైస్తవుల చేతికి చేరింది.

కథ ఎక్కడినుండి ఎక్కడికి ప్రయాణం చేసిందో చూపించటం విద్వాంసులకు ఇష్టమైన పని. అయితే టాల్‌స్టాయ్ చేతిలో పడి ఈ కథ ఎంత మారిందో చూడటం అంతకంటె ముఖ్యం. బుర్జోయ గానీ, బిలౌహర్ గానీ దీనిని చెప్పింది తేనె మత్తులో ఉన్నవానిని మేల్కొలపటానికి. ఓ మనిషీ, రేయింబవళ్ళనే ఎలుకలు నీ ఆయుష్షును కొరుకుతున్నాయి, నీకు తేనె తప్ప మరేమీ పట్టటం లేదే అని వారి మందలింపు. విదురుని శ్రోత శోకంలో ఉన్నాడు, అది వేరే సంగతి. అయినా ఆ కథలోని మనిషికి కూడా బ్రతుకు మీద ఆశ చావదు. ఈ కథలు వేటిలోనూ కొమ్మను వదలివేసే ప్రశ్నే పుట్టదు. టాల్‌స్టాయ్ కథలో తేనె ఉన్నది, రుచి లేదు. కుటుంబం మీది ప్రేమ, రచన మీది ప్రేమ, ఇవే తన రెండు తేనె బొట్లని ఆయన పేర్లు పెట్టి మరీ చెప్పాడు. ఇప్పుడవి చేదైపోయినాయి. నాకటానికి ఏమీ లేనివానికి సర్పమూ ఎలుకలూ మాత్రమే కనిపిస్తాయి. మేల్కొలపటానికి వాడు నిద్రపోతే కదా!

ఆనాటికి ఆయనకు ఏబది ఏండ్లు దగ్గరపడుతున్నాయి. ఆరోగ్యం ఉన్నది, భూములున్నాయి, భార్యాబిడ్డలున్నారు, ‘యుద్ధము-శాంతి’ తెచ్చిపెట్టిన కీర్తి ఉన్నది. దారిద్ర్యం వల్లనో, అవమానం వల్లనో మనిషి చావును కోరుకుంటాడనే సామాన్య అభిప్రాయాన్ని ఈ గ్రంథం మొదటి పుటలలోనే తలక్రిందులు చేస్తుంది. ఆయన ఒంటరిగా ఉండే గదిలో తాడును తనకు కనపడకుండా దాచివేశాడు. తుపాకి పట్టుకొని వేటకు పోవటం మానుకున్నాడు. చదువరులు ఈ రెండు వాక్యాలనూ ఆయన నిరాశ ఎంత లోతైనదో చూపే గుర్తుగా చదువుతారు. అది నిజమే. కాని మరొక విధంగా కూడా వాటిని చదవవచ్చు. జీవితానికి అర్థమేమిటనే ప్రశ్నకు జవాబు ఆయనకు చాలాకాలం తర్వాతగాని దొరకలేదు; తాడును మాత్రం జవాబు దొరకకముందే దాచివేశాడు. ముందు ప్రాణం, తర్వాత ప్రశ్న. ఆ పని చేయించినది తర్కం కాదు, ఎందుకంటే ఆయన తర్కం ఆనాడు చావువైపే మొగ్గుతున్నది.

తర్కం ఎంత దూరం తీసుకుపోతుందో గ్రంథం నడిమి భాగం చూపిస్తుంది. శాస్త్రాలను అడిగాడు, అవి వేరే ప్రశ్నలకు జవాబు చెప్పినాయి. సోక్రటీసును, షోపెన్‌హోవర్‌ను, సులైమాన్ పేర ఉన్న సూక్తులను, బుద్ధుని అడిగితే, బ్రతుకు కీడే అని వారు చెప్పినట్లు ఆయనకు వినిపించింది. తన వర్గంవారు ఈ సంకటం నుండి నాలుగు విధాలుగా తప్పుకొంటున్నారని లెక్కవేశాడు: ప్రశ్నే తెలియని అజ్ఞానులు, తేనె నాకేవారు, ప్రాణం తీసుకొనేవారు, అన్నీ తెలిసి కూడా బలహీనతవల్ల బ్రతుకును ఈడ్చేవారు. మూడవ మార్గాన్ని ఆయన ‘బలం’ అనటం ఈ గ్రంథంలోని పెద్ద దోషం. నొప్పి తెచ్చిన ఇరుకు చూపును ధైర్యమని పిలవటం అది. తాడు దాచుకొన్న చేతిదే అసలు బలమని ఆయనకు తట్టలేదు.

చివరకు ఆయనకు దారి చూపింది రైతుల విశ్వాసం. కష్టపడి, రోగాలు భరించి, నెమ్మదిగా చనిపోయే కోట్లాది సామాన్యులు జీవితార్థాన్ని ఎరుగుదురని ఆయన తేల్చుకున్నాడు. మాట బాగుంది గాని గ్రంథం ఇక్కడ బలహీనపడింది. మొదటి భాగంలోని బాధ అంతా అనుభవం. ఇక్కడి రైతులు ఒక గుంపు. చదువురాని యాత్రికుడొకడు దేవుని గురించి మాట్లాడగా విని సత్యం తెలుసుకొన్నానంటాడు, అతడన్న మాటలేమిటో చెప్పడు. ఆ రైతు గుడిసెలలో కూడా నిద్రపట్టని రాత్రులుంటాయనే తలంపు ఆయనకు వచ్చినట్లు లేదు. చివరి పుటలలో చెప్పిన కల దీనికంటె చాలా మేలు. అడుగులేని అగాధం మీద పడుకొని ఉన్నట్లూ, క్రిందికి చూచినంతసేపు జారిపోతున్నట్లూ, పైనున్న అనంతాన్ని చూచినప్పుడు నిలద్రొక్కుకొన్నట్లూ కల వచ్చిందట. బావి అదే, సర్పం పోలేదు, చూపు మాత్రం తిరిగింది. మత సంబంధమైన సెన్సారు ఈ గ్రంథాన్ని రష్యాలో ఆపివేయగా ఇది 1884లో జెనీవాలో అచ్చయింది.

ఇటువంటి స్వీయకథనం ముస్లిం పాఠకునికి వెంటనే ఇమామ్ గజాలీ (రహ్మ) వ్రాసిన ‘అల్ మున్ఖిజ్ మినజ్జలాల్’ను గుర్తుకు తెస్తుంది. ఇద్దరినీ ఒకే గాటన కట్టటం సరికాదు. ఇమామ్ గారు చావును కోరుకొన్నట్లు అందులో ఎక్కడా లేదు. కాని తర్కం చేతులెత్తేసిన చోటును ఆయన కూడా చూశారు. ఒకసారి ఇంద్రియాల మీదా బుద్ధి మీదా నమ్మకం పోయి దాదాపు రెండు మాసాలు సతమతమైనారు. అందులోనుండి తాను బయటపడింది ప్రమాణాలు పేర్చటం వల్ల కాదనీ, అల్లాహ్ తన హృదయంలో వేసిన ఒక వెలుగువల్ల అనీ వ్రాశారు. తర్కశాస్త్రంలో అంతటి దిట్ట అన్న మాట గనుక దానికి విలువ.

రెండవ దెబ్బ హి.శ. 488 రజబ్ మాసంలో (క్రీ.శ. 1095) తగిలింది. అప్పుడాయన బగ్దాద్ నిజామియాలో ఆచార్యులు, మూడువందల మంది విద్యార్థులు. పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. ఆహారం గొంతు దిగలేదు. వైద్యులు వచ్చి, ఇది హృదయంలో పుట్టి దేహానికి ప్రాకిన వ్యాధి, మనసు కుదుటపడితే తప్ప మా మందు పనిచేయదని చెప్పివేశారు. తన శక్తి ఉడిగిన తర్వాత ‘ముజ్తర్’ వలె అల్లాహ్‌ను ఆశ్రయించానంటారు ఇమామ్ గారు. ఈ మాటను ‘నిస్సహాయుడు’ అని అనువదించటం మామూలు. కాని దానిలో ‘వేరే దారి లేక నెట్టబడినవాడు’ అనే అర్థం ఉన్నది. సూరా నమ్ల్ 62వ ఆయత్‌లో, మొరపెట్టుకొన్నప్పుడు ఆలకించబడేవాడు ఈ ‘ముజ్తర్’. వానికి అక్కడ వేరే అర్హతలేవీ పెట్టలేదు.

అయితే విశ్వాసులకు ఇమామ్ గారి స్వీయకథకంటె ఎక్కువ పనికివచ్చే మాట ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో, భయమూ ఆశా అనే ప్రకరణంలో ఉన్నది. ఆశ అనే మందు ఇద్దరికి కావాలంటారు: నిరాశ పైబడి ఆరాధననే వదలివేసినవాడు ఒకడు, భయం పైబడి తనకూ తన ఇంటివారికీ హాని తెచ్చుకొనేవాడు మరొకడు. పాపంలో మునిగి ఉండి క్షమాపణ తన హక్కు అన్నంత ధీమాగా ఉన్నవానికి అదే మందు విషం. ఉపమానంగా ఆయన తీసుకొన్నది కూడా తేనెనే. శైత్యం ప్రకోపించినవానికి తేనె స్వస్థత, ఉష్ణం ప్రకోపించినవానికి ప్రాణాంతకం. బావి కథలో తేనె ఎప్పుడూ మోసమే. ఇక్కడ అది రోగినిబట్టి మందు. తన కాలంవారిలో ఎక్కువమంది ధీమాతో చెడినవారు గనుక వారికి భయమే చెప్పాలని కూడా ఇమామ్ గారు అదే చోట అన్నారు. మన ప్రసంగీకులు ఆ మాటను బాగా గుర్తుంచుకున్నారు. అది ఎవరికి చెప్పిన మందో గుర్తుంచుకొన్నవారు తక్కువ.

జీవిత లక్ష్యం గురించి మన పత్రికలలో వచ్చే వ్యాసాలకు ఇక్కడే చిక్కు వస్తుంది. సూరా జారియాత్ 56వ ఆయత్‌ను ఉదహరించి, మనిషిని అల్లాహ్ తన ఆరాధనకే పుట్టించాడు గనుక ప్రాణం తీసుకోవటం లక్ష్యద్రోహం అని వ్రాస్తారు. సిద్ధాంతంగా అది సత్యమే. తేనె మత్తులో ఉన్నవానికి అది మేలుకొలుపు కూడా. కాని ముసల్లా మీద నిలబడే ఓపిక కూడా లేనివానికి అది మరొక బాకీ చీటీ. లక్ష్యాన్ని నెరవేర్చలేకపోతున్నాననే బాధతో ఇప్పటికే కృశించినవానిని నీవు లక్ష్యం మరచావని గద్దించటం, ఉష్ణం ప్రకోపించినవానికి తేనె పోయటమే.

దివ్య ఖుర్ఆన్ పద్ధతి వేరు. సూరా నిసా 29వ ఆయత్‌లో ప్రాణాలు తీసుకోవద్దనే ఆజ్ఞ ఉన్నది. ఒకరినొకరు చంపుకోవద్దనే అర్థాన్ని కూడా వ్యాఖ్యాతలు చెప్పారు. ఆజ్ఞ వెనువెంటనే వచ్చే కారణం శిక్ష కాదు, అల్లాహ్‌కు మీ పట్ల ఉన్న కరుణ. శిక్ష మాట ఆ తర్వాతి ఆయత్‌లో వస్తుంది. ఇక సూరా మర్యమ్‌లో ప్రసవవేదన పడుతూ ఖర్జూరపు చెట్టు మొదట ఒరిగిన హజ్రత్ మర్యమ్ (అలై) తాను ఇంతకు ముందే చనిపోయి, ఎవరికీ గుర్తులేకుండా పోయి ఉంటే బాగుండునని వాపోయారు. ఆ మాటకు మందలింపు రాలేదు. దుఃఖించవద్దనీ, కాళ్ళ క్రింద సెలయేరు ఉన్నదనీ, చెట్టును ఊపితే పండ్లు రాలుతాయనీ, తిని త్రాగి కళ్ళు చల్లబరచుకోమనీ పిలుపు వచ్చింది. జనం అడిగే ప్రశ్నలకు ఆ రోజు జవాబు చెప్పవలసిన పని కూడా ఆమెకు తప్పించబడింది. ముందు నీరు, పండు, విశ్రాంతి. బగ్దాద్ వైద్యులు తమ చేతకానితనాన్ని ఒప్పుకొన్నారు గాని ఈనాటి వైద్యునికి ఇటువంటి వ్యాధికి ఇవ్వవలసిన మందులున్నాయి. అతని వద్దకు తీసుకుపోవటం ఆ చెట్టును ఊపటం వంటిదే, విశ్వాసానికి లోటు కాదు. కష్టానికి తాళలేక చావును కోరుకోవద్దని దైవప్రవక్త (స) వారించారు. కాని అంతగా మనసు లాగితే, బ్రతుకు మేలైనంతకాలం బ్రతికించమనీ, మరణమే మేలైనప్పుడు తీసుకుపొమ్మనీ అల్లాహ్‌ను అడగమన్నారు. అంటే ఆ నోటిని మూయలేదు, దువా వైపు త్రిప్పారు.

హదీసులలో కఠినమైన హెచ్చరికలు లేవా? ఉన్నాయి. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. ప్రాణం తీసుకొన్న ఒక వ్యక్తికి దైవప్రవక్త (స) స్వయంగా జనాజా నమాజు చేయించలేదనే ఉల్లేఖనమూ సహీహ్ ముస్లింలోనే ఉన్నది. ఇమామ్ ఔజాయీ దానినిబట్టి నమాజు లేదన్నారు. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ (రహ్మ) మాత్రం నమాజు చేయాలన్నారు. ప్రవక్త (స) దూరంగా ఉన్నది ఇతరులకు హెచ్చరికగా ఉండటానికని అర్థం చెప్పుకున్నారు. అయినప్పటికీ కొన్ని ఊళ్ళలో అటువంటి ఇంటికి పరామర్శకు పోవటానికే జనం వెనుకాడుతారు. మృతుని శాశ్వత నరకవాసిగా తేల్చివేసే తీర్పులు అతని తల్లికి వినపడేటట్లే పలుకుతారు. రోగంవల్ల మతి స్వాధీనం తప్పినవాని మీద కలం నడవదనే సంగతి కూడా ఎవరికీ గుర్తుకురాదు. మన దేశపు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి శిక్షకు బదులు సంరక్షణ ఇవ్వాలన్నది. చట్టం చూపిన ఆ పాటి దయ మొహల్లా చూపలేకపోవటం విచారకరం.

సహీహ్ ముస్లిం ఈమాన్ ప్రకరణంలో తుఫైల్ బిన్ అమ్ర్ దౌసీ (రజి) వృత్తాంతం ఉన్నది. ప్రాణం తీసుకొన్నంత మాత్రాన మనిషి అవిశ్వాసి కాడనటానికి ఇది ప్రమాణమని ఇమామ్ నవవీ (రహ్మ) వ్యాఖ్యానించారు. తుఫైల్‌తో పాటు ఆయన తెగకు చెందిన ఒకాయన మదీనాకు హిజ్రత్ చేశాడు. ఆ వాతావరణం పడక జబ్బు పడ్డాడు. ఓర్చుకోలేక తన చేతులను తానే గాయపరచుకొని చనిపోయాడు. తర్వాత తుఫైల్‌కు కలలో మంచి రూపంతో కనిపించాడు, చేతులు మాత్రం కప్పుకొని ఉన్నాడు. ప్రవక్త (స) వైపు చేసిన హిజ్రత్ కారణంగా ప్రభువు తనను క్షమించాడనీ, తాను చెడగొట్టుకొన్న చేతులను మాత్రం బాగుచేయమని చెప్పబడిందనీ అన్నాడు. తుఫైల్ ఆ కలను దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నారు. ఆయన (స) విని, ఆ చేతులను కూడా క్షమించమని అల్లాహ్‌ను వేడుకున్నారు.